వానకోయిలలకు చెప్పాల్సిన మాట

డెబ్రెసెన్,
ఏప్రిల్ 27, 2011

ఎటెల్క వదినకు,

పండగ పూట పలకరిద్దామని ఫోన్ చేస్తే ముఖం మీదే పెట్టేశావు. ఒకసారైతే చెయ్యి జారిందనుకునేదాన్ని. ఈస్టరు ఆదివారం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సోమవారం మళ్ళీ. ప్రతిసారీ నువ్వే ఎత్తావు. "ఎవరండీ? ఎవరూ?" అన్నావు. విల్మను, విల్మను అని నేను గొంతు చించుకుంటుంటే "పలకరేంటి" అని విసుక్కుని పెట్టేశావు. పెళ్ళై మా ఇంటికి వచ్చినప్పటినుంచీ వింటున్న గొంతు, గుర్తుపట్టలేదంటే నేను నమ్మను.

నాకు తెలుసు, ఇదంతా మౌత్ ఆర్గాన్ గురించే. అన్నయ్యను మట్టిలో పెట్టిన రోజు, అందరూ మీ వంటింట్లో భోజనాల దగ్గరుంటే, అల్మారా సొరుగులోంచి దాన్ని నేను తీసుకున్నాను. దొంగతనంగా కాదు. "ఇది నేను పట్టుకెళ్ళనా వదినా" అని నిన్ను అడిగాను. నువ్వు తల ఊపావు. ఇప్పుడు మనసు మారితే చెప్పు, పార్సిల్లో పంపిస్తాను. అంతేగాని అన్నయ్య పోగానే ఆడపడుచు కూడా పోయిందనుకోకు.

ఇక్కడ ఎప్పటిలాగే ఉన్నాను. లిఫ్టు మళ్ళీ పాడైంది. ఎనిమిదో అంతస్తు నుంచి దిగాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు, అందుకని బాల్కనీలో పొద్దుతిరుగుడు గింజలు చల్లి పావురాలతో కాలక్షేపం చేస్తున్నాను. కింది అంతస్తు ఆవిడ ఫిర్యాదు చేసిందట. చేసుకోనీ.

నీ ఆడపడుచు,
విల్మ


నాద్‌హలోమ్,
మే 5

విల్మా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. మౌత్ ఆర్గాన్ నీ దగ్గరుందా? దానికోసం పరుపులు కూడా విప్పి చూశానే! శవపెట్టె మోసిన వాళ్ళను పాపం అనుమానించాను. నువ్వు నన్ను అడగనూ లేదు, నేను తల ఊపనూ లేదు. సరే, ఉంచుకో. మీ అన్నయ్య చెయ్యి పట్టుకుని నేర్పింది నీకే కదా.

ఫోన్ సంగతి వేరు. అది చచ్చిపోయింది. కంపెనీ మనిషి వచ్చి చూసి బాగానే ఉందన్నాడు. వాళ్ళకేం, చూసి వెళ్ళిపోతారు. ఎత్తితే అవతల దూది కుక్కినట్టుంటుంది. నువ్వు ఒక్కసారైనా చెయ్యలేదని ఈస్టరు రెండు రోజులూ కుర్చీలో కూర్చుని ఏడ్చింది నేను.

అసలు విషయం ఇంకొకటి ఉంది. ఎవరితోనూ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను, నవ్వకు. మన వసారాలో గూళ్ళు కట్టే వానకోయిలలు ఏప్రిల్ మొదట్లోనే వచ్చాయి. రావడమైతే వచ్చాయి గాని, పలకడం లేదు. మీ అన్నయ్యతో పోటీపడి పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వాగేవే, ఇప్పుడు దూలం మీద కూర్చుని నోరు తెరుస్తాయి, మూస్తాయి. చప్పుడు లేదు.

ఎందుకో నాకు తెలుసు. మీ అన్నయ్య పోయిన పొద్దున ఊరి ఆచారం ప్రకారం నేను చెయ్యాల్సిందంతా చేశాను. తేనెపెట్టెల మీద తట్టి "యజమాని పోయాడు" అని చెప్పాను. పందికి చెప్పాను, కోళ్ళకు చెప్పాను, అక్రోటు చెట్టుకు కూడా చెప్పాను. ఒకళ్ళనీ వదలలేదు. కానీ ఫిబ్రవరిలో వానకోయిలలు ఎక్కడున్నాయి? ఆఫ్రికాలో ఉన్నాయి. వాటికి ఎవరు చెప్తారు? అంత దూరం నుంచి ఆయన కోసం ఎగురుకుంటూ వచ్చి చూస్తే, ఆయన లేడు, టోపీ లేదు, బావి పక్కన మట్టిగుంట ఎండిపోయి ఉంది. అలగవా మరి?

రోజూ పొద్దున వాటికింద నిలబడి చెప్తున్నాను. వినడం లేదు. ఆలస్యమైతే రక్తసంబంధం ఉన్నవాళ్ళే చెప్పాలని మా అమ్మమ్మ అనేది. ఆయన రక్తం అంటూ మిగిలింది నువ్వొక్కదానివే. ఒకసారి వచ్చి చెప్పి వెళ్ళు విల్మా. ఇలా అలకతోనే సెప్టెంబరులో వెళ్ళిపోతే మళ్ళీ ఈ గడప తొక్కవు.

ఎటెల్క


డెబ్రెసెన్,
మే 18

వదినా,

నన్ను రమ్మనడానికి పిట్టల్ని అడ్డం పెట్టుకోవాలా? తిన్నగా రమ్మంటే రానా?

నవ్వొద్దన్నావు గాని నవ్వాను. అలిగే హక్కు వాటికుంటే నీ మీద ఎప్పుడో అలగాలి. వసారా నిండా రెట్టలు వేస్తున్నాయని చీపురు తిరగేసి గూళ్ళు రాల్చబోయింది ఎవరు? గూళ్ళకింద చెక్కలు బిగించి, "పిల్లలకు గుడ్డలు కట్టినట్టు కట్టాను, ఇక నోరు మూసుకో" అని అన్నయ్య నిన్ను తిట్టింది మర్చిపోయావా? ఇప్పుడు వాటిమీద ఇంత ప్రేమ ఎలా పుట్టుకొచ్చిందో!

నాకు తోచింది చెప్తాను. మీ వీధికి తారు వేశాక ఊళ్ళో బురద లేదు. గూడు కట్టడానికి మట్టి దొరకని పిట్ట ఏం పాడుతుంది? అన్నయ్య చేసినట్టు చెయ్యి. కాలవ గట్టునుంచి బంకమట్టి తెచ్చి, గడ్డి సన్నగా తరిగి కలిపి, రోజూ పొద్దున నీళ్ళు పోస్తూ ఉండు. గట్టిపడనివ్వకు, జారుగానూ చెయ్యకు. లేదంటే దోమల మందు చల్లే విమానమేదైనా వచ్చి వెళ్ళిందేమో కనుక్కో.

మోకాలు కాస్త తగ్గాక వస్తాను. ఇప్పుడు మాట ఇవ్వలేను.

విల్మ


నాద్‌హలోమ్,
జూన్ 12

విల్మా,

చీపురు సంగతి నువ్వు గుర్తుచెయ్యకపోయినా నాకు గుర్తే. ఆ మాట చదివాక ఒక వారం కలం పట్టుకోబుద్ధి కాలేదు.

మట్టి కలిపాను. చేతులు పగిలాయి గాని కలిపాను. మొదట జారుగా అయింది, అవి చుట్టూ తిరిగి చూసి వెళ్ళిపోయాయి. తర్వాత నేర్చుకున్నాను. ఇప్పుడు గుంట అంచున వాలి, ముక్కుతో ఇంత ముద్ద తీసుకుని పైకి పోతాయి. పాత గూడు బాగుచేశాయి, పక్కనే కొత్తది కట్టాయి. కిందటేటి చెక్కలు కడిగి నేనే బిగించాను, నిచ్చెనెక్కి. తిట్టకు.

పిల్లలు కూడా పుట్టాయి. తల్లి వస్తే అన్నీ ఒక్కసారి నోళ్ళు తెరుస్తాయి, పసుపుపచ్చని నోళ్ళు. చప్పుడు మాత్రం లేదు. పుట్టిన పిల్లలకు కూడా నేర్పేసినట్టున్నాయి.

పిట్టలే కాదు, ఈ ఊరే మారిపోయింది. చర్చిలో గంట కొట్టే కొత్తవాడు ఉత్త బద్ధకస్తుడు, మధ్యాహ్నం గంట పక్క ఊళ్ళో కొట్టినట్టు కొడతాడు. చెరువులో ఈ ఏడు కప్పలే లేవు. పక్కింటి తెరూష్ నోట్లో వేడి కుడుము పెట్టుకున్నట్టు మాట్లాడుతోంది. కొట్లో అమ్మాయి గొణుగుతుంది. భర్త పోయిన దాని ముందు గట్టిగా మాట్లాడకూడదని అందరూ కూడబలుక్కున్నారు. వాళ్ళ మంచితనం పాడుగాను. ఆయనుండగా ఈ ఇంట్లో మాటకు కరువుండేది కాదు. పొలంలో కోతమిషను మీదనుంచి అరిచి అరిచి అలవాటైన గొంతు, ఉప్పు అడిగినా ఊరంతా వినపడేది.

నేను ఒకటి నిశ్చయించుకున్నాను. ఇవి ఇలాగే పలక్కుండా వెళ్ళిపోతే, శీతాకాలం లోపల ఇల్లు మూసేసి పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో చేరతాను. ఇంత నిశ్శబ్దంలో నేను ఉండలేను.

ఎటెల్క


డెబ్రెసెన్,
జూన్ 20

వదినా,

కోపం తెచ్చుకోకుండా జవాబు రాయి. పాలు పొంగితే నీకు తెలుస్తోందా, చూస్తేనా, చూడకుండానా? తెరూష్ వాళ్ళ కుక్క మొరుగుతోందా? కోడి గుడ్డు పెట్టి అరుస్తోందా? నువ్వు చివరిసారి గడియారం టిక్కుటిక్కు విన్నది ఎప్పుడు?

విల్మ


నాద్‌హలోమ్,
జూలై 1

విల్మకు,

నన్ను చెవిటిదాన్ని చేశావు. సరే. ఇంకా ఏమేం చెయ్యాలనుకుంటున్నావు? మతి పోయిందని కూడా రాయి, ఆశ్రమంలో వాళ్ళకు పని తేలికవుతుంది.

నా చెవులు బాగున్నాయి. మీ అన్నయ్య మాట్లాడిన ప్రతి మాటా విన్నాను. మంచం పట్టాక ఆయనే మాట్లాడటం మానేశాడు. చివరి వారం రోజులూ పెదవులు మాత్రం ఆడేవి, ప్రార్థన చేసుకునేవాడు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని తల ఊపుతూ ఉండేదాన్ని. నువ్వు కూడా ఒక రోజు ఉన్నావుగా, చూశావుగా.

కుక్క మొరగడం లేదు. ముసలిది అయిపోయింది.

ఎటెల్క


(కార్డు)
డెబ్రెసెన్,
ఆగస్టు 8

వదినా, మేరీ తల్లి పండక్కి వస్తున్నాను. బస్సు దగ్గరికి రాకు, నేనే నడిచొస్తా. ఏమీ వండొద్దు. వండితే ప్లమ్ పళ్ళ ఉండలు వండు.
విల్మ


డెబ్రెసెన్,
ఆగస్టు 19

వదినా,

క్షేమంగా చేరాను. పక్కవాళ్ళ చేయి పట్టుకుని మెట్లెక్కాను. ఉండలు ఇంకా నాలుగున్నాయి, దాచుకుని తింటున్నాను.

నీ దగ్గరున్న మూడు రోజులూ నీకు చెప్పాలని చూసి చెప్పలేకపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను. ఎదురుగా చెప్పాలంటే అరిచి చెప్పాలి. అలాంటి మాట అరిచి చెప్పే గుండె నాకు లేదు.

మొదటి రోజు వసారాలో అడుగుపెట్టగానే నేను చెవులు మూసుకున్నాను. గుర్తుందా? ఏమైంది, తలనొప్పా అన్నావు. వదినా, నీ దూలాల మీద అంత గోల ఉంది. రెండో విడత పిల్లలు గూళ్ళ అంచున కూర్చుని అరుస్తున్నాయి, పెద్దవి తీగ మీద వాగుతున్నాయి. చెరువులో కప్పలు పొద్దున్నే మొదలుపెట్టాయి. గంట నడినెత్తిన మోగినట్టు మోగింది. తెరూష్ కుక్క నన్ను చూసి బొంగురుపోయేదాకా మొరిగింది, నువ్వు దాని పక్కనుంచే నడిచి వెళ్ళావు.

అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు. రెండో రోజు బావి పక్కన కూర్చుని అన్నయ్య మౌత్ ఆర్గాన్ తీసి, నీ పెళ్ళిలో ఆయన వాయించిన పాటే వాయించాను. నువ్వు వసారాలో బఠాణీలు ఒలుస్తున్నావు. పాట సగంలో తలెత్తి చూసి, "అలా నోట్లో పెట్టుకుని కూర్చున్నావేం, ఊదు మరి" అన్నావు. నేను ముఖం తిప్పుకుని మట్టిగుంటలో నీళ్ళు పోశాను.

పిట్టలకు నీ మీద కోపం లేదు వదినా. అవి ఒక్క రోజు కూడా నోరు మూయలేదు. ఎవరూ గొంతు తగ్గించలేదు. నీ చెవులు ఎన్నేళ్ళనుంచో తగ్గుతూ వచ్చాయి, అన్నయ్య గొంతు పెద్దది కాబట్టి నీకూ తెలియలేదు, మాకూ తెలియలేదు. ఆయన ఇంట్లో ఉన్నంతకాలం నీకు వినాల్సిందంతా వినపడింది.

నువ్వు అడిగింది మాత్రం చేశాను. బయల్దేరే పొద్దున, నువ్వు కోళ్ళ దగ్గరుంటే, వాటికింద నిలబడి అన్నయ్య పోయాడని చెప్పాను. ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలుపెట్టాయి.

సోల్నోక్‌లో చెవి డాక్టరు ఉన్నాడు. వెళ్ళు. తిట్టాలనిపిస్తే వెళ్ళొచ్చాక తిట్టు.

నీ విల్మ


నాద్‌హలోమ్,
సెప్టెంబరు 9

విల్మా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో.

నిన్న మేరీ తల్లి పుట్టినరోజు. వానకోయిలలు వెళ్ళిపోయాయి. పొద్దున తీగ మీద బారులు తీరి కూర్చున్నాయి, అన్నీ నోళ్ళు తెరిచే ఉన్నాయి. నేను కుర్చీ తెచ్చుకుని కింద కూర్చున్నాను. అరుస్తున్నాయని ఈసారి నాకు తెలుసు. తెలిసినా వినపడలేదు. పిల్లల మీద తల్లులు కేకలేస్తున్నాయో, నాకు వెళ్ళొస్తామని చెప్తున్నాయో, ఏం తెలిసింది నాకు?

ఎటెల్క


నాద్‌హలోమ్,
నవంబరు 14

విల్మా,

సోల్నోక్ వెళ్ళాను. తెరూష్ తోడొచ్చింది. డాక్టరు నన్ను గదిలో కూర్చోబెట్టి బఠాణీ తొక్కలాంటి మిషను ఒకటి చెవిలో పెట్టాడు. "ఇప్పుడు వినపడుతోందా అమ్మమ్మా?" అన్నాడు. "అరవకు బాబూ" అన్నాను.

దారి పొడుగునా నా చెప్పుల చప్పుడే. నా గౌను ఇంత బరబరలాడుతుందని తెలీదు. తెరూష్ నోట్లో ఏ కుడుమూ లేదు, బస్సులో ఆపకుండా మాట్లాడింది, చివరికి నేనే మిషను తీసి జేబులో వేసుకున్నాను. చూశావా, సుఖాలు కూడా ఉన్నాయి.

ఇంటికొచ్చి తలుపు తీసి, మళ్ళీ చెవిలో పెట్టుకుని గదులన్నీ తిరిగాను. గడియారం వినపడింది. పొయ్యిలో కట్టె వినపడింది. అంతే. ఇంకేమీ లేదు విల్మా. వినపడనన్నాళ్ళూ పక్క గదిలో ఎవరో ఉన్నారేమో, నాకే తెలియడం లేదేమో అన్నట్టుండేది. ఇప్పుడు తెలిసింది, ఎవరూ లేరు. పెట్టెలో పెట్టేశాను దాన్ని.

తర్వాత నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది, అప్పట్నుంచి తిండి సయించడం లేదు. చివరి వారం ఆయన పెదవులు ఆడాయని రాశానే, ప్రార్థన అని. ఆయన ఎప్పుడు ప్రార్థన చేశాడు విల్మా? పెళ్ళినాడు కూడా ఫాదరు గారితో జోకులేసిన మనిషి. గొంతు తగ్గిపోయి ఉంటుంది. నాతో మాట్లాడి ఉంటాడు. నేను తల ఊపాను. ఏమడిగాడో, దేనికి సరేనన్నానో. నువ్వు ఒక రోజు ఉన్నావు. నీ చెవులు మంచివి. ఏమన్నా విన్నావా? ఉన్నదున్నట్టు చెప్పు, నన్ను ఊరడించడానికి కల్పించకు.

ఎటెల్క


డెబ్రెసెన్,
నవంబరు 24

వదినా,

కల్పించను. విన్నది ఒక్క మధ్యాహ్నమే. పెద్ద మాటలేం కాదు. "మట్టిగుంట ఎండిపోనివ్వకు, అవి వచ్చేస్తాయి" అన్నాడు. నీ వైపు చూసి అన్నాడు. నువ్వు తల ఊపావు. ఆయన నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాడు. నువ్వు విన్నావనుకుని నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, మే నెలలో నువ్వు గుంట ఎండిపోయిందని రాసినా నాకు తట్టలేదు. మిగిలిన రోజులు ఏమన్నాడో నాకూ తెలీదు. ఇక ఎవరికీ తెలీదు.

ఆయన అడిగింది నువ్వు వినకుండానే చేశావు. కాస్త ఆలస్యంగా చేశావు, అంతే.

మిషను పెట్టెలో పెట్టి లాభం లేదు. వసారాలో ఉప్పు పట్టించని పంది కొవ్వు ముక్క వేలాడదియ్యి, అన్నయ్య ప్రతి శీతాకాలం కట్టేవాడుగా. చిన్నపిట్టలు వస్తాయి. వాటితో మొదలుపెట్టు. ఆదివారం ఫోన్ చేస్తాను. ఎత్తు.

విల్మ


నాద్‌హలోమ్,
ఏప్రిల్ 6, 2012

విల్మా,

ఫోన్లో చెప్పొచ్చు గాని, ఇది రాయాలనిపించింది.

మార్చి మొదట్నుంచే మట్టి నానబెట్టాను. రోజూ పొద్దున మిషను పెట్టుకుని వసారాలో కూర్చునేదాన్ని. చలికాలమంతా నాకు చిన్నపిట్టలే గతి, కొవ్వు కోసం ఒకదాన్నొకటి తిట్టుకోవడం విన్నాను. ఆశ్రమం వాళ్ళు మంచం ఖాళీ అయిందని కబురు పెట్టారు. ఏప్రిల్ వెళ్ళాక చెప్తానన్నాను.

నిన్న గుంటలో నీళ్ళు పోస్తుంటే నెత్తిమీద ఎవరో గుడ్డ చింపినట్టయింది. ఒక జత. తిన్నగా వసారాలోకి దూరి, పాత గూటి మీద వాలి మొదలుపెట్టాయి. అబ్బ, ఎంత గోల విల్మా! ఊపిరి కూడా తీసుకోవు. నేను విసుగ్గా వంటింటి వైపు తిరిగి, "వింటున్నావా కాల్మాన్, నీ వాళ్ళొచ్చారు" అన్నాను మీ అన్నయ్యతో. అలవాటు. నా గొంతు వంటింట్లోకి వెళ్ళి తిరిగొచ్చింది.

అప్పుడు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, వాటికింద నిలబడి నేనే చెప్పాను. "యజమాని పోయాడు." కిందటేడు ఈ మాట పందికీ కోళ్ళకూ చెట్టుకూ చెప్పాను, నా చెవులతో విన్నది మాత్రం నిన్ననే. కిందటేడు ఏడవాల్సిందంతా నిన్న ఏడ్చాను.

అవి మాత్రం ఆగలేదు. నేను ఏడుస్తుండగానే ఒకటి గుంట దగ్గరికి దిగి మట్టి ముద్ద తీసుకుంది.

చెక్కలు ఇంకా బిగించలేదు. ఈసారి నిచ్చెన నువ్వు పట్టుకోవాలి.

నీ వదిన,
ఎటెల్క